ఎనిమిది గంటలు పడుకున్నా ఒళ్లు బరువే!

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు. మాది నెల్లూరు. ఆరేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి పదిన్నరకు పడుకుని ఆరున్నరకు లేస్తాను. అయినా లేచేసరికి ఒళ్లంతా బరువు, నోరు పిడచకట్టుకుపోయి ఉంటుంది. కాలు కింద పెట్టగానే పది పదిహేను తుమ్ములు. మధ్యాహ్నం మీటింగుల్లో కళ్లు మూతలు పడుతున్నాయి. రక్తపరీక్ష, థైరాయిడ్ నార్మల్ అన్నారు. నాలుగు నెలలుగా రోజూ పడుకునే ముందు మందుల షాపులో ఇచ్చిన తుమ్ముల మాత్ర, ముక్కులో చుక్కలు వేసుకుంటున్నాను. ఇంట్లో అందరూ బద్ధకం అంటున్నారు. ముక్కు వల్ల ఇంత నీరసం వస్తుందా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: వస్తుందమ్మా. ఈ పేజీ మీ ఇంట్లోవాళ్ల చేత కూడా చదివించండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది అలర్జీ ముక్కులాగే ఉంది, బద్ధకం కాదు.

పడుకోగానే ముక్కు లోపలి పొరలోకి రక్తం ఎక్కువగా చేరుతుంది. మామూలు ముక్కయితే తట్టుకుంటుంది. అలర్జీతో అప్పటికే వాచి ఉన్న ముక్కు దిబ్బడ వేస్తుంది, ఏ పక్కకి తిరిగితే ఆ పక్క. ఇక నోటితో గాలి పీలుస్తారు. పొద్దునకి నోరు ఎండిపోయేది అందుకే. గాలి ఆడనప్పుడల్లా మెదడు ఒక్క క్షణం మేలుకుంటుంది. అది మీకు గుర్తుండదు. మంచం మీద ఎనిమిది గంటలూ ఉన్నారు కానీ నిద్ర ముక్కలు ముక్కలైంది. పైగా అలర్జీ వాపులో పుట్టే రసాయనాలు కూడా ఒంటిని నీరసపరుస్తాయి.

ఇప్పుడు ఆ మాత్ర అట్ట తిప్పి పేరు చదవండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్ లాంటి పాత మందులు మెదడులోకి కూడా వెళ్తాయి. తుమ్ములు తెప్పించే హిస్టమిన్ అనే రసాయనానికే మెదడులో మనల్ని మెలకువగా ఉంచడంలో పాత్ర ఉంది. దాన్ని అక్కడ అడ్డుకుంటే మత్తు వస్తుంది, మర్నాడు మధ్యాహ్నం దాకా వదలదు. లీవోసెటిరిజిన్ కూడా కొందరికి మగత తెస్తుంది. ఫెక్సోఫెనడిన్‌తో ఆ బాధ తక్కువ, కానీ మంచినీళ్లతోనే వేసుకోవాలి. పళ్లరసంతో వేసుకుంటే సరిగా ఒంటికి పట్టదు. అట్ట మీద మాంటెలుకాస్ట్ అని రెండో పేరు ఉంటే డాక్టర్‌కి తప్పక చూపించండి. కొందరికి దానివల్ల పీడకలలు, మనసులో ఆందోళన వస్తాయి. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీనికి గట్టి హెచ్చరిక జోడించింది.

చుక్కల దగ్గర నాకు టెన్షన్‌గా ఉంది. జైలోమెటాజొలిన్, ఆక్సీమెటాజొలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. నాలుగైదు రోజులు దాటితే మాత్రం అవే ముక్కును మూస్తాయి. పీజీ చదివే రోజుల్లో హాస్టల్లో ఆ సీసా నా దిండు కిందే ఉండేది. అర్ధరాత్రి తడుముకుంటే చేతికి తగలకపోతే గుండెదడ వచ్చేది. మానేశాక వారం రోజులు గోడకానుకుని కూర్చునే కునుకు తీశాను. ఆ తర్వాత ముక్కు తనంతట తనే తెరుచుకుంది. మీరు ఒకేసారి మానలేకపోతే ముందు ఒక ముక్కులో మానండి, కొన్నాళ్లకు రెండోదాంట్లో.

వాటి స్థానంలో చాలామందికి పనికొచ్చేది స్టెరాయిడ్ స్ప్రే. డాక్టర్ చూసి రాశాకే వాడండి. పేరు విని భయపడకండి, చెప్పిన మోతాదులో వాడితే రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. మొదటిరోజే ఫలితం ఉండదు, రెండు మూడు వారాలు రోజూ కొట్టాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కొట్టేది తప్పుగానే. ముక్కు చీదండి, సీసా ఊపండి, తల కాస్త ముందుకు వంచండి. కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టండి. అప్పుడు మొన మధ్య గోడకు తగలకుండా ఆ పక్క కంటి వైపు తిరుగుతుంది. గోడ మీద పడితే రక్తం కారొచ్చు. గట్టిగా ఎగపీల్చకండి, మందు గొంతులోకి జారిపోతుంది.

మీ దిండు ఎన్నేళ్లది? ఊరి నుంచి తెచ్చుకున్న బూరుగుదూది దిండయితే ప్రాణం ఒప్పదు, తెలుసు. కానీ మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతికే, కంటికి కనిపించని ధూళి పురుగులకు అది పుట్టిల్లు. దాన్ని పక్కనపెట్టండి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి, చాలా వాషింగ్ మెషీన్లలో ఆ బటన్ ఉంటుంది. వానాకాలం బెంగళూరులో పరుపు ఎండటం కష్టం, ఎండ కాసిన రోజు వదలకండి.

మీ ఇంటి పక్కన ఖాళీ సైట్ ఉందా? తెల్లటి చిన్నపూల కాంగ్రెస్ గడ్డి, మన వయ్యారిభామ, ఈ ఊళ్లో ఎక్కడ చూసినా ఉంది. దాని పుప్పొడి కూడా తుమ్ములు తెస్తుంది. చేత్తో పీకకండి, చర్మానికీ పడదు.

ఏది పడటం లేదో చర్మపరీక్షలో తెలుస్తుంది. దానికి వారం ముందే తుమ్ముల మాత్ర ఆపాలి, లేకపోతే ఫలితం తప్పుగా వస్తుంది.

గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నారేమో మీవారిని గమనించమనండి. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉన్నాయేమో కూడా చూసుకోండి. వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకండి, అది ముక్కు ఒక్కదానితో పోయే సమస్య కాదు. ఏవీ లేకపోతే ఈ వారంలోనే చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌ని కలవండి. వెళ్లేటప్పుడు ఆ అట్ట, ఆ సీసా చేతిసంచిలో వేసుకోండి. నెల తర్వాత, పొద్దున లేచేసరికి నోరు ఇంకా ఎండిపోతోందో లేదో నాకు రాయండి.