చిన్న మొత్తంతో పోకర్: ఏ టేబుల్ దగ్గర కూర్చోవాలి?

ప్రశ్న: స్నేహితులతో ఊరికే ఆడుతూ పోకర్ నియమాలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆడదామని 50 డాలర్లు విడిగా పెట్టుకున్నాను. తీరా చూస్తే హోల్డెమ్, ఒమాహా, క్యాష్ గేమ్, సిట్ అండ్ గో, టోర్నమెంట్ అంటూ ఎన్నో రకాలున్నాయి. ఇంత తక్కువ మొత్తంతో దేనితో మొదలుపెట్టడం మంచిది?

జవాబు: మీరున్న చోట చట్టం డబ్బుతో ఆన్‌లైన్ పోకర్ ఆడనిస్తుందో లేదో ముందు చూసుకోండి. ఆడనివ్వకపోతే డబ్బు పెట్టే ఆలోచనను అక్కడితో ఆపేయండి. ఆడనిచ్చినా, ఆ 50 డాలర్లు మొత్తం పోయినా ఇంటి ఖర్చుకు గానీ, అప్పు వాయిదాలకు గానీ లోటు రాని సొమ్మయి ఉండాలి.

ఏ ఆట అన్నదానికంటే ముందు తేల్చుకోవలసింది ఎంత పందెం అన్నది. ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలిచ్చి, మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు పరిచే ఆట హోల్డెమ్. అందులో చేతికి రాగల అత్యుత్తమమైన రెండు ముక్కలు జత ఆసులు. సగటున 221 ఆటలకు ఒకసారి మాత్రమే వస్తాయి. ఎదుటివారి దగ్గర జత రాజులు ఉండి, ఇద్దరూ మొదట్లోనే ఉన్నదంతా పెట్టేస్తే, ఆసులున్నవారు నూటికి దాదాపు 82 సార్లు గెలుస్తారు. మిగిలిన 18 సార్లు ఏ తప్పూ చేయకుండానే ఓడిపోతారు. మీ 50 డాలర్లూ ఒకే టేబుల్ మీద ఉన్న రోజున ఆ 18లో ఒకటి ఎదురైతే, ఆట నేర్చుకోకముందే మీ ఆట ముగిసిపోతుంది.

అందుకే 1 సెంటు, 2 సెంట్ల బ్లైండ్లున్న (ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలు) హోల్డెమ్ క్యాష్ టేబుల్, అంటే ఎప్పుడైనా కూర్చుని ఎప్పుడైనా లేవగలిగే టేబుల్, మీకు తగినదని నా అభిప్రాయం. అక్కడ 100 పెద్ద బ్లైండ్లతో కూర్చోవడానికి 2 డాలర్లు చాలు, అంటే మీ సొమ్ముతో 25 సార్లు కూర్చోవచ్చు. 2000లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన టోర్నమెంట్ గెలిచిన అమెరికా ఆటగాడు క్రిస్ ఫెర్గూసన్, తర్వాత చేతి నుంచి డబ్బేమీ పెట్టకుండా ఉచిత టోర్నమెంట్లతో మొదలుపెట్టి 10,000 డాలర్లు కూడబెట్టి చూపించాడు. క్యాష్ గేమ్‌లో గానీ సిట్ అండ్ గోలో (కుర్చీలు నిండగానే మొదలయ్యే చిన్న టోర్నమెంట్) గానీ తన మొత్తంలో 5 శాతానికి మించి పెట్టకూడదన్నది అప్పుడు ఆయన పెట్టుకున్న నియమం. మీ విషయంలో అది రెండున్నర డాలర్లు.

ఆ టేబుల్ దగ్గర మీరు నేర్చుకోవలసిన లెక్క ఎలాంటిదో ఒక ఉదాహరణ చెబుతాను. మీ చేతిలో రెండు ఆఠీన్లు, మధ్యలో పరిచిన నాలుగు ముక్కల్లో మరో రెండు ఆఠీన్లు ఉన్నాయనుకోండి. చివరి ముక్క కూడా ఆఠీనైతే మీకు ఫ్లష్ (ఒకే గుర్తున్న ఐదు ముక్కలు) వస్తుంది. మీకు కనబడని 46 ముక్కల్లో ఆఠీన్లు 9, అంటే అవకాశం 20 శాతానికి కాస్త తక్కువ. పాట్‌లో (అందరి పందేలూ చేరే కుప్ప) 60 సెంట్లు ఉండగా ఎదుటివారు 30 సెంట్లు వేశారు. ఆ 90 కోసం మీరు 30 పెట్టాలి. మొత్తం 120లో మీ 30 అంటే 25 శాతం. అవకాశం కంటే ఖరీదు ఎక్కువ కాబట్టి, ఫ్లష్ పడ్డాక వారు ఇంకా బాగా పెడతారన్న నమ్మకం ఉంటే తప్ప ముక్కలు పడేయడమే సరైన పని. ఈ లెక్క చేతికి అలవాటయ్యేలోపు పదిసార్లు తప్పుతుంది, అందుకే అది సెంట్లలో తప్పడమే మేలు.

సిట్ అండ్ గోలో ఒక ఆటలో పోయేది ఎంతో ముందే తెలుస్తుంది కనుక మనసు నిబ్బరంగా ఉంటుంది. 1 డాలర్ ఆటకు 10 సెంట్ల ఫీజు ఉంటే మీ సొమ్ముకు 45 ఆటలు వస్తాయి. అయితే టర్బో రకాల జోలికి పోకండి. బ్లైండ్లు త్వరత్వరగా పెరిగే ఆటలో ఆలోచనకు చోటు తగ్గి, అదృష్టానికి పాలు పెరుగుతుంది. ఒమాహాలో నాలుగు ముక్కలు వస్తాయి కనుక చేతికొచ్చిన ముక్కల బలాల మధ్య తేడా తక్కువగా, ఎగుడుదిగుళ్లు ఎక్కువగా ఉంటాయి. దాన్ని తర్వాత చూసుకోవచ్చు.

పెద్ద టోర్నమెంట్లు ఊరించే మాట నిజమే. 2003లో అమెరికా ఆటగాడు క్రిస్ మనీమేకర్ 86 డాలర్ల ఆన్‌లైన్ ప్రవేశంతో మొదలై, 839 మంది ఆడిన వరల్డ్ సిరీస్ ప్రధాన టోర్నమెంట్‌లో 25 లక్షల డాలర్లు గెలిచాడు. కానీ అలాంటి ఆటల్లో పాల్గొనేవారిలో ఎక్కువ మంది ఉత్త చేతులతోనే లేస్తారు, బాగా ఆడేవారు సైతం వరుసగా పదుల కొద్దీ ఓడిపోవచ్చు. మీరు ఆడదలిస్తే ప్రవేశం 1 డాలర్ దాటనివ్వకండి.

ప్రశ్న: టేబుల్ ఎంచుకునేటప్పుడు పందెం కాక ఇంకేమి చూడాలి?

జవాబు: రేక్ చూడండి. ప్రతి పాట్ నుంచి నిర్వాహకులు తీసుకునే ఈ వాటా చిన్న టేబుళ్లలో తరచు 5 శాతం దాకా ఉంటుంది. 1 డాలర్ పాట్ గెలిస్తే అందులో 5 సెంట్లు, అంటే మీ టేబుల్ లెక్కలో రెండున్నర పెద్ద బ్లైండ్లు, మీ చేతికి రాకముందే పోతాయి. కాబట్టి చిన్నచిన్న పాట్లలో మాటిమాటికీ దూరేవారికి నష్టం తప్పదు. ఆరుగురి టేబుల్ కన్నా తొమ్మిది మంది టేబుల్‌లో బ్లైండ్లు కట్టే వంతు ఆలస్యంగా వస్తుంది కనుక మంచి ముక్కల కోసం ఆగడం తేలిక. మొదటి నెల ఒక్క టేబుల్ మాత్రమే తెరవండి. ఒకే రోజున రెండుసార్లు 2 డాలర్లు పోతే, మూడోసారి కూర్చోకుండా కంప్యూటర్ మూసేసి, ఓడిన ఆటలను మర్నాడు తీరికగా తిరగేసి చూసుకోండి.