సరుకులు యాప్‌లో తెప్పించుకుంటే పోదా?

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చి నెల కావస్తోంది. ఇండియన్ సరుకులన్నీ యాప్‌లోనే తెప్పించుకుంటున్నాను. రూమ్మేట్ కోసం ఎక్కడ వెతకాలో, తెలుగువాళ్ళు ఎక్కడ కలుస్తారో అర్థం కావడం లేదు.

జవాబు: చెరువు గట్టున కూర్చుని దాహం అన్నట్టుంది తమ్ముడూ. ఎడిసన్ నుంచి ఐస్లిన్ దాకా ఓక్ ట్రీ రోడ్డు పొడుగునా ఉన్నవి మనవాళ్ళ కొట్లే కదా! డెలివరీ చార్జీ సంగతి వదిలెయ్. వారమంతా లాప్‌టాప్‌తో, శనాదివారాలు ఫోన్‌తో గడిపే కుర్రాళ్ళు ఆరు నెలలు తిరక్కుండానే డీలా పడిపోతున్నారు. సరుకులకు వెళ్ళే ఆ గంట కూడా యాప్‌కి ఇచ్చేస్తే, తెలుగు మాట చెవిన పడేది ఇంటికి ఫోన్ చేసినప్పుడే.

వెళ్ళడానికీ ఒక పద్ధతుంది. ఆదివారం మధ్యాహ్నం వెళ్తే పార్కింగ్ దొరకదు, కౌంటర్‌లో అబ్బాయి తలెత్తి చూడడు. కూరగాయల ట్రక్కు ఏ రోజు వస్తుందో అడిగి, ఆ సాయంత్రం వెళ్ళు. గోంగూర, దొండకాయ తాజాగా ఉంటాయి. వాటికోసమే వచ్చే మనవాళ్ళూ ఉంటారు. గోంగూర కట్టలు ఏరుతున్నవాళ్ళని "ఏ ఊరండీ మీది?" అని అడగడానికి మొహమాటమేం? నెల సరుకు ఒకేసారి మోసుకురాకు. రెండు పూటలా వండుకున్నా ఒంటి మనిషికి రోజుకు పావు కిలో బియ్యం దాటవు. 20 పౌండ్ల సోనా మసూరి బస్తా అంటే 9 కిలోలు, నెల దాటి వస్తుంది. 2023 జులైలో ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు చాలా కొట్లు మనిషికి ఒకటే బస్తా అని కాగితం అంటించాయి. అయినా నాలుగు కొట్లు తిరిగి పోగేసినవాళ్ళకు చివరికి మిగిలేది పురుగే. కూరలకు మాత్రం వారం వారం వెళ్ళు.

ఇక కొట్టు అద్దం మీద అంటించే ప్రకటనలు. మేం వచ్చిన రోజుల్లో వాట్సాప్ గ్రూపులు లేవు. గది, పాత కారు, ఆఫీసుకు తోడు, అన్నీ ఆ అద్దం మీదే చూసుకున్నాం, బాగానే నెట్టుకొచ్చాం. ఇప్పటికీ తలుపు పక్కనో, బండ్లు పెట్టే చోటో కాగితాలుంటాయి: గది అద్దెకు, కార్‌పూల్, పిల్లల్ని చూసుకునే ఆంటీ, టిఫిన్ డబ్బా, పిల్లలకు తెలుగు నేర్పే మనబడి తరగతులు, గుడిలో కల్యాణం. ముందు తేదీ చూడు. తేదీ లేకుండా, కింద చింపుకెళ్ళే ఫోన్ నంబరు చీలికలు ఒకటో రెండో మిగిలి ఉంటే పాతదని లెక్క.

నువ్వు పెట్టేదైతే కౌంటర్‌లో అడిగి పెట్టు. అడక్కుండా అంటిస్తే సాయంత్రానికి చెత్తబుట్టలో ఉంటుంది. సగం కాగితం చాలు. పైన పెద్ద అక్షరాలతో "రూమ్మేట్ కావలెను". కింద పేట పేరు, దగ్గర్లో ఉన్నది మెట్రోపార్క్ స్టేషనా, ఎడిసన్ స్టేషనా, అద్దెలో వాటా ఎంత, కరెంటు, గ్యాసు కలిపా విడిగానా, ఎప్పట్నుంచి. ఇంటి నంబరు రాయకు. అడుగున ఫోన్ నంబరు నిలువుగా ఎనిమిది, పది సార్లు రాసి మధ్యలో కత్తెరతో గాట్లు పెట్టు. పై వారం వెళ్ళి చూసుకో. చీలిక ఒక్కటీ చిరగలేదంటే వాటా ఎక్కువ చెప్పి ఉంటావు.

నువ్వే గదిలో చేరేట్టయితే, గది చూడకుండా, లీజులో నీ పేరు ఎక్కుతుందో లేదో తేల్చుకోకుండా డిపాజిట్ పంపకు. పేరు లేకపోతే అసలు అద్దెదారు ఖాళీ చేసిన రోజే నువ్వూ పెట్టె సర్దుకోవాలి. న్యూజెర్సీలో డిపాజిట్ నెలన్నర అద్దెకు మించకూడదు. మిగతా రూల్స్ రాష్ట్ర వెబ్‌సైట్‌లో ఉంటాయి, చదువుకో.

వినాయక చవితికి మట్టి విగ్రహాలు, ఉగాదికి వేపపువ్వు వస్తాయి. ముందే అడిగి పేరు రాయించుకో. ఏ గుడిలో పంచాంగ శ్రవణం, ఎవరింట్లో పూజ అన్నది ఆ క్యూలోనే తెలుస్తుంది, పిలుపూ అక్కడే వస్తుంది.

పరిచయం ముదిరాక "వీకెండ్ కౌంటర్‌లో నిలబడతావా, క్యాష్ ఇస్తాం" అని ఎవరైనా అడగొచ్చు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉంటే కుదరదని చెప్పెయ్. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేస్తే స్టేటస్‌కే ఎసరు. అలా చెప్పాక మొహం చెల్లక కొట్టు మార్చేవాళ్ళున్నారు. ఆ పని చెయ్యకు, మళ్ళీ ట్రక్కు వచ్చే రోజున మామూలుగా వెళ్ళు.