రెండు రిపోర్టుల్లో అంత తేడా ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. మామూలు పరీక్షలు చేయిస్తే పొటాషియం 7.9, కాల్షియం 5.1 వచ్చాయి. టెన్షన్‌తో ఆస్పత్రికి పరుగెత్తాం. ఈసీజీ, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) నార్మల్. మళ్లీ రక్తం తీస్తే పొటాషియం 4.3, కాల్షియం 9.2. మొదటిసారి ఊదా మూత ట్యూబ్‌లోంచి కొంచెం రక్తం ఇంకో ట్యూబ్‌లో పోయడం చూశాను. దానివల్లేనా?

డాక్టర్ సలహా: మీరు అది గమనించడం చాలా మంచిదైంది. నా అనుమానం కూడా దానిమీదే. ఊదా మూత ట్యూబ్‌లో ఈడీటీఏ ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా అది కాల్షియాన్ని పట్టేస్తుంది. పైగా అది సాధారణంగా పొటాషియం లవణం. ఆ రక్తం కాస్త పక్క ట్యూబ్‌లో పడినా చాలు, పొటాషియం పెరిగినట్టు, కాల్షియం పడిపోయినట్టు కనిపిస్తాయి. ఆ పాత రిపోర్టులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (లివర్ పరీక్షల్లో చూసే ఒక ఎంజైమ్) కూడా ఉంటే చూడండి. అదీ బాగా తక్కువగా ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

అయినా మీరు ఆస్పత్రికి వెళ్లడమే సరైన పని. పొటాషియం నిజంగా అంత ఉంటే గుండె లయ తప్పుతుంది. అలాంటి రిపోర్టును ఇంట్లో కూర్చుని తప్పని తేల్చేయకూడదు.

సీబీసీ (రక్తకణాల లెక్క), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) పరీక్షలకు ఊదా ట్యూబే కావాలి. కిడ్నీ, లివర్ పరీక్షలకు ఎరుపు లేదా పసుపు వాడతారు. షుగర్‌కు బూడిద రంగు. రక్తకణాలు ట్యూబ్‌లో కూడా గ్లూకోజ్‌ను వాడుకుంటూనే ఉంటాయి, మామూలు ట్యూబ్‌లో అలాగే వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. బూడిద ట్యూబ్‌లోని ఫ్లోరైడ్ దాన్ని అదుపు చేస్తుంది, కాకపోతే వెంటనే కాదు, కాస్త సమయం పడుతుంది. రంగులు కంపెనీని బట్టి కొంచెం మారతాయి కాబట్టి సిబ్బంది లేబుల్ చూసుకోవాలి.

రక్తం పలచబడే మందు వాడేవారికి నీలం ట్యూబ్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. అందులో 9 వంతుల రక్తానికి 1 వంతు సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఉండాలి. గీత వరకు నిండకపోతే, రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ ఎక్కువగా వచ్చి, మందు మోతాదు అనవసరంగా తగ్గించే ప్రమాదం ఉంది.

తీసే వరుస కూడా ముఖ్యమే: ముందు నీలం, తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆపైన ఊదా, చివర బూడిద. ఈసారి రక్తం చాలక ఒక ట్యూబ్‌లోంచి ఇంకోదాంట్లో పోయబోతే, మొహమాటపడకుండా ఆపి, మళ్లీ సూది గుచ్చి తీయమనండి.