డాబా మీద సోలార్, మ్యాపులో ఎక్కడ?

ప్రశ్న: మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. వాలంటీర్లు కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మా వీధి అంతా నేనే గీశాను. ఇప్పుడు ఈ ప్యానెళ్లని ఇంటి బొమ్మకే తగిలించాలా, విడిగా గీయాలా? గని–శకునాల సోలార్ పార్కు కూడా సరిచేద్దామని ఉంది.
– డిగ్రీ విద్యార్థిని, నంద్యాల

జవాబు: విడిగానే గీయండమ్మా. ఇంటి బొమ్మకే తగిలిస్తే ఇల్లు మొత్తం జనరేటర్ అని రాసినట్టు అవుతుంది, రేపు ఎవరైనా ప్యానెళ్ల విస్తీర్ణం లెక్కేస్తే మీ వంటగది, వరండా కూడా అందులో కలిసిపోతాయి. ప్యానెళ్లు ఎంతమేర ఉన్నాయో అంతమేర ఒక చిన్న గడి గీసి, పవర్ అన్న చోట జనరేటర్, సోర్స్ సోలార్, మెథడ్ ఫోటోవోల్టాయిక్ (అంటే ఎండని నేరుగా కరెంటుగా మార్చేది), లొకేషన్ రూఫ్ అని నింపండి. ఒక్కో ప్యానెల్‌కి ఒక్కో గడి అక్కర్లేదు, పక్కపక్కనే ఉన్నవన్నీ కలిపి ఒకటి చాలు. ఉపగ్రహ చిత్రంలో మసకగా ఉంటే ఒక పాయింట్ పెట్టి వదిలేయండి, తర్వాత ఎవరో ఒకరు గడి గీస్తారు.

కెపాసిటీ దగ్గర మాత్రం జాగ్రత్త. మీ ఇంటిది కాగితాల్లో ఉంటుంది కాబట్టి 3 కిలోవాట్లని ధైర్యంగా రాయొచ్చు. పక్కింటి వాళ్లది అలా కాదు. ఆరు ప్యానెళ్లు కనిపించాయనుకోండి, అవి 330 వాట్లవైతే రెండు కిలోవాట్లు కూడా రాదు, 540 వాట్లవైతే మూడు దాటుతుంది. వీధిలోంచి చూసి ఏవో ఎలా చెబుతాం? అందుకే ప్యానెళ్ల సంఖ్య రాయండి, కిలోవాట్ల గడి ఖాళీగా ఉంచండి. ఖాళీ గడిని ఎవరైనా నింపుతారు గానీ, తప్పు అంకె నిజంలాగే కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు. ఇదంతా చాదస్తం కాదండీ. బ్రిటన్‌లో 2019లో వాలంటీర్లు పూనుకుని ఇళ్ల మీది ప్యానెళ్లని ఇదే మ్యాపులో గుర్తించారు, దాన్ని ప్రభుత్వ జాబితాలతో కలిపి 2020లో దేశం మొత్తానికి ఒక డేటాసెట్ తెచ్చారు. మబ్బు పడితే ఏ ప్రాంతంలో ఎంత కరెంటు తగ్గుతుందో ముందే అంచనా వేయాలంటే ప్యానెళ్లు ఎక్కడున్నాయో తెలియాలి కదా!

పార్కు సంగతి వేరు. అక్కడ హద్దు గీసి పవర్ ప్లాంట్ అని పెట్టాలి, 1000 మెగావాట్ల అంకె ఆ హద్దు మీదే ఉండాలి. లోపలి ప్యానెళ్ల వరుసలకి జనరేటర్ అని పెట్టండి గానీ అదే వెయ్యిని వాటి మీద కూడా రాయకండి. మధ్యలో ఊరి రోడ్డో, పొలమో ఉంటే హద్దు బయటే ఉంచండి. సబ్‌స్టేషన్లు విడిగా. గూగుల్ మ్యాప్స్ చూసి మాత్రం గీయకండి, లైసెన్సు ఒప్పుకోదు. మ్యాపు గీసే ఎడిటర్‌లో వచ్చే బింగ్ లాంటి ఉపగ్రహ చిత్రాలు వాడుకోవచ్చు.

ప్రశ్న: పైనుంచి చూస్తే సోలార్ వాటర్ హీటర్లు, కరెంటు ప్యానెళ్లు ఒకేలా ఉన్నాయి. తేడా ఎలా తెలుస్తుంది?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: హీటర్‌కి పై అంచున పొడుగాటి ట్యాంకు ఉంటుంది, దాని కింద వాలుగా గాజు గొట్టాలు. చిత్రంలో చిన్న నల్ల గడి, దాని ఒక అంచున తెల్లటి గీతలా కనిపిస్తే చాలావరకు హీటరే. దానికి మెథడ్ థర్మల్ అని పెట్టి, అవుట్‌పుట్ వేడినీళ్లు అని చూపాలి. అనుమానంగా ఉంటే ఆ వీధికి వెళ్లినప్పుడు తలెత్తి చూడండి, లేదా వదిలేయండి. మీ దగ్గర్లోనే రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే ప్యానెళ్లున్నాయి కదా, అవి గీసేటప్పుడు నీటి బొమ్మని కత్తిరించకండి. కింద నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి, దాని మీద ప్యానెళ్లు గీస్తే సరిపోతుంది.

ప్రశ్న: ఇంటాయన పేరు, సర్వీసు నంబరు రాయొచ్చా?
– గుంటూరు పాఠకురాలు

జవాబు: వద్దు. ఎవరి డాబా మీద ఏముందో వీధిలో వెళ్లేవాళ్లకి ఎలాగూ కనిపిస్తుంది, పేరూ నంబరూ వాళ్ల సొంతం. పెట్టిన సంవత్సరం కచ్చితంగా తెలిస్తే రాయండి, దానివల్ల ఒక మేలుంది: పాత ఉపగ్రహ చిత్రంలో ప్యానెళ్లు కనిపించలేదని ఎవరూ మీ గడిని చెరిపేయరు.