మాస్కుని ముందు వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: మా తాతగారు ఓడల్లో పనిచేసేవారండి. ఆయన పోయాక అటక మీద ట్రంకుపెట్టెలో రెండు మాస్కులు దొరికాయి. ఒకటి తెల్లటి ఆడపిల్ల మొహం, నవ్వీ నవ్వనట్టు ఉంటుంది, పళ్ళు మాత్రం నల్లగా ఉన్నాయి. రెండోది గుడ్లు మిటకరించి నాలుక బయటపెట్టిన రాక్షసుడు, తలమీద పడగలెత్తిన పాములు. ఇవి ఏ దేశానివి? నిజమైనవా, షోకేసు బొమ్మలా?

జవాబు: నల్లపళ్ళు అన్నారు చూడండి, అక్కడే సగం తెలిసిపోయింది. పూర్వం జపాన్‌లో పెద్దింటి ఆడవాళ్ళు పళ్ళకి నల్లరంగు వేసుకునేవాళ్ళు, కనుబొమ్మలు తీసేసి నుదుటి మీద బాగా పైకి మసక మచ్చల్లా దిద్దుకునేవాళ్ళు, ఆ రెండూ ఉంటే అది ‘నో’ అనే జపాన్ సంప్రదాయ నాటకంలో కన్నెపిల్ల మాస్కు, కో-ఒమొతె అంటారు. ఇంకో మాస్కుది పాములు కాబట్టి శ్రీలంక నాగరాక్షస అయ్యుంటుంది, నైరుతి తీరంలో అంబలంగొడ అనే ఊరు వీటికి పేరు. పాములతో పాటు పక్షి ముక్కు కూడా ఉంటే అది గురులు రాక్షస, అంటే మన గరుత్మంతుడే. తాతగారి ఓడ ఏయే రేవుల్లో ఆగిందో పాత కాగితాల్లో ఉంటే వెతకండి, చాలా పనికొస్తుంది.

ఇంక నిజమైనవేనా అంటే, ముందువైపు చూడటం ఆపేసి వెనక్కి తిప్పండి. అందరూ మొహం చూసి మురిసిపోతారు కానీ మాస్కు బతుకంతా వెనకే ఉంటుంది, లోపల ఒక మనిషి మొహం పెట్టి ఆడాడా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. నో మాస్కు హినోకి అనే చెట్టు చెక్కతో చేస్తారు, ముందువైపు ఆల్చిప్పల పొడిని జిగురులో కలిపి పూత మీద పూత వేస్తారు, వెనక చాలావాటికి లక్క పూత ఉంటుంది, కింద ఉలిగాట్లు కనపడతాయి, కొన్నిటికి చెక్కినవాళ్ళ ముద్ర కూడా ఉంటుంది. కళ్ళు, ముక్కుపుటాలు, నోరు చిల్లులు పడి ఉండాలి, కన్నెపిల్ల మాస్కుల్లో కంటి చిల్లు గుండ్రంగా కాదు నలుచదరంగా ఉంటుంది, లైటుకి ఎదురుగా పట్టుకుని చూడండి. చెవుల దగ్గర తాడు కట్టే చిల్లులు రెండు ఉండాలి. అవేవీ లేకుండా మేకుకి తగిలించే కొక్కెం ఒక్కటే ఉంటే గోడకోసం చేసినది. సైజు మొహం కన్నా చిన్నగా ఉందని మాత్రం అనుమానపడకండి, నో మాస్కు అంతే, నటుడి గడ్డం కిందనుంచి కనపడుతూనే ఉంటుంది.

నో మాస్కుల్లో ఒక చిక్కుంది. పాత మాస్కుని చూసి కొత్తది చెక్కేటప్పుడు దాని మీద గీతలు, పెచ్చులూడిన చోట్లు కూడా అలాగే దించడం అక్కడి ఆచారం. అందులో మోసం ఏమీ లేదు, గురువు దగ్గర నేర్చుకునేదే అలా. కాబట్టి పాతగా కనపడినంత మాత్రాన వందేళ్ళది అనుకోవద్దు.

శ్రీలంకది చేతిలోకి తీసుకోండి, బాగా తేలిగ్గా ఉండాలి, కదురు అనే మెత్తటి చెక్క వాడతారు, పొగ మీద ఆరబెట్టి చెక్కుతారు. బరువుగా ఉంటే వేరే చోట వేరే చెక్కతో చేసిన కాపీ కావచ్చు. అక్కడే సన్ని అని 18 రకాల జబ్బుల దయ్యాల మాస్కులు కూడా ఉంటాయి, రోగికి నయం కావాలని రాత్రంతా అవి పెట్టుకుని ఆడతారు, ఒక్కో మొహం ఒక్కో జబ్బు. వాటి గురించి ఇంకోసారి వివరంగా రాస్తాను, నాకు చాలా ఇష్టమైన విషయం.

వెనక చూడమని ఎందుకింత చెప్తున్నానంటే, ఒకసారి ఇండోనేషియాలోని జావా నుంచి వచ్చిన తొపెంగ్ అనే నాట్యం మాస్కు ఒకటి నా చేతికిచ్చారు. ముందు రంగు మామూలుగానే ఉంది. తిప్పితే నోటి దగ్గర అడ్డంగా తోలుముక్క, దానిమీద పంటిగాట్లు. అక్కడ చాలామంది నర్తకులు తాడు కట్టుకోరు, ఆ తోలుని పళ్ళతో పట్టుకునే ఆడతారు. ఎవరో మనిషి గంటల తరబడి కరిచి పట్టుకున్న గుర్తు అది, ఎంతసేపు చూశానో నాకే తెలీదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఖాట్మండు నుంచి ఒక నల్లటి చెక్క మాస్కు తెప్పించాను. హిమాలయాల్లో భూతవైద్యులు వాడినది, 200 ఏళ్ళది అని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. పొగ వాసన వస్తోంది, పురుగు తొలిచిన చిల్లులు ఉన్నాయి. నమ్మొచ్చా సార్?

జవాబు: నమ్మకండి. సూటిగా చెప్తున్నందుకు బాధపడొద్దు, ఇలా మోసపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. మొదటి మాట, నేపాల్‌లో 1956 నాటి చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు కింద లెక్క, దాన్ని ఊరికే పార్సిల్ చేసి పంపడం కుదరదు. అక్కడినుంచి సక్రమంగా వచ్చే బొమ్మకి పురావస్తు శాఖ వాళ్ళు ఇది పురాతన వస్తువు కాదు అని ఇచ్చిన కాగితం ఉంటుంది. అంటే మీకిచ్చిన సర్టిఫికెట్ నిజమైతే ఆ మాస్కు దొంగరవాణా, అబద్ధమైతే మాస్కు కొత్తది. రెండింట్లో ఏదైనా అమ్మినవాడిని నమ్మడానికి లేదు. మన దేశంలో కూడా 1972 చట్టం ఉంది, అక్కడా వందేళ్ళే గీత.

పొగ వాసన ఎవరైనా పట్టించగలరు. నిజంగా వాడిన మాస్కులో నుదురు, చెంపలు, ముక్కు తగిలే చోట చెమట పీల్చి చెక్క నున్నగా నల్లబడుతుంది, మొహం తగలని మూలలు మాత్రం గరుకుగా, రంగు తేలిగ్గా మిగిలిపోతాయి. మొత్తం ఒకే నలుపు, సందుల్లో కూడా అదే నలుపు అంటే పూసిందే. అంచున కనపడని చోట తడిదూదితో మెల్లగా అద్దండి, టీ డికాషన్ రంగైతే దూదికి అంటుకుంటుంది, బూట్‌పాలిష్ అయితే వాసనే చెప్తుంది. తాడు చిల్లులు కూడా చూడండి, ఏళ్ళ తరబడి లాగితే చిల్లు లాగిన వైపుకి సాగి అరిగిపోతుంది, డ్రిల్లుతో వేసినట్టు గుండ్రంగా ఉండిపోదు. పురుగు చిల్లుల్లో సన్నటి పుల్ల పెట్టండి. పురుగు వంకర టింకరగా పోతుంది కాబట్టి పుల్ల కొంచెం దూరంలోనే ఆగిపోతుంది, నేరుగా అడుగుదాకా దిగితే మేకుతో చేసిన చిల్లు. లోపల ఉలిగాటు లేకుండా రంపపు చక్రం గీతలు, ఉప్పు కాగితం రుద్దిన గీతలు ఉంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు.

కార్బన్ డేటింగ్ చేయిద్దామా అని చాలామంది అడుగుతారు. అది చెక్క వయసు చెప్తుంది, చెక్కిన రోజు చెప్పదు, పాత ఇంటి దూలం తెచ్చి చెక్కితే దూలం వయసే వస్తుంది. పైగా 1650 తర్వాతి వస్తువులకి లెక్క సరిగ్గా తేలదు. దానికంటే రంగు పరీక్ష నయం, టైటానియం తెలుపు 1920ల తర్వాతే వాడకంలోకి వచ్చింది, అడుగు పూతలో అది దొరికితే 200 ఏళ్ళ మాట అక్కడితో సరి.

ప్రశ్న: పాత మాస్కు దుమ్ముపట్టింది, తడిగుడ్డతో తుడిచి వార్నిష్ వేయొచ్చా?

జవాబు: వద్దు, దయచేసి వద్దు. ఆల్చిప్ప పూతలో జిగురు నీళ్ళకి కరుగుతుంది, కాగితం మాస్కు ఉబ్బిపోతుంది, వార్నిష్ వేస్తే చెమట మరకలు, అరుగుదల అన్నీ దాని కింద పూడిపోతాయి. మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి చాలు.

ప్రశ్న: పశ్చిమ బెంగాల్‌లోని పురులియా వెళ్ళి చరిదా ఊళ్ళో చేసేవాళ్ళ దగ్గరే ఛౌ నాట్యంలో పెట్టుకునే దుర్గ మాస్కు కొన్నాను. మా బావగారేమో కొత్తది కదా, డూప్లికేటే అంటున్నారు. నాకు మనసు విరిగిపోయింది.

జవాబు: మీ మాస్కు నూటికి నూరుపాళ్ళు అసలైనది, బావగారికి ఈ జవాబు చూపించండి. పాతది వేరు, అసలైనది వేరు. ఏ ఊళ్ళో పుట్టాలో ఆ ఊళ్ళో, ఆ పద్ధతిలో, ఆ ఆట కోసం ఆ పనివాళ్ళు చేస్తే నిన్న చేసినా అసలైనదే. చరిదాలో మట్టి అచ్చు మీద బూడిద చల్లి, జిగురులో నానబెట్టిన కాగితాలు పొరలు పొరలుగా అంటించి, పైన బంకమట్టి, గుడ్డ వేసి నున్నగా చేసి ఎండబెట్టి అచ్చు తీసేస్తారు, తర్వాతే రంగులు, పూసలు, ఈకలు. మీ మాస్కు లోపల చూడండి, కాగితం పొరల అంచులు చేతికి తగులుతాయి. ఒకే నున్నటి ప్లాస్టిక్‌లా ఉంటే అప్పుడు అనుమానపడాలి. పురులియా మాస్కుకి 2018లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానిదే అన్న అధికారిక గుర్తింపు, కూడా వచ్చింది. ఎవరైనా ఒడిశాలోని మయూర్‌భంజ్ ఛౌ మాస్కు అని అమ్మితే మాత్రం కొనకండి, ఆ ఛౌలో మాస్కే పెట్టుకోరు.

ఒక్క పని ఇవాళే చేయండి. చేసినాయన పేరు, ఊరు, కొన్న తేదీ, అది దుర్గ అన్న మాట కాగితం మీద రాసి మాస్కుతో పాటే పెట్టండి, ఆయన పక్కన మీరు తీసుకున్న ఫోటో ఉంటే అదీ. పైన ట్రంకుపెట్టె గురించి రాసిన ఆవిడకి అలాంటి కాగితం ముక్క ఒక్కటి దొరికుంటే నాకు ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.