కుటుంబ నామాలను పలికించే పద్ధతి

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి నీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

చిత్తూరులో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పబోతున్నానని, మొక్కల కుటుంబాల పేర్లు తరగతిలో పలకాలంటే బెరుకుగా ఉందని రాశావు. ముందు ఆ పేర్ల చివర వచ్చే -aceae అనే తోకను సరిచూసుకో. అది 'ఏసీ' కాదు; ఏ–సి–యీ, మూడక్షరాలు. మనం సంధి చేసే అలవాటు కొద్దీ 'సి', 'ఈ' అనే రెండింటినీ కలిపేసి 'మాల్వేసీ' అంటాం. ఇక్కడ సంధి కుదరదు, యడాగమమే శరణ్యం: మాల్–వే–సి–యీ. ఊత 'ఏ' మీదే పడాలి.

తోక తీసేస్తే మిగిలేది ప్రజాతి (జీనస్) పేరులోని ప్రాతిపదిక. అసలు చిక్కంతా అక్కడే. మన మామిడి కుటుంబానికి పేరు జీడిమామిడి ప్రజాతి అయిన అనకార్డియం నుంచి వచ్చింది. చివరి 'అం' పోగా 'అనకార్డి' నిలుస్తుంది కనుక అ–న–కార్–డి–ఏ–సి–యీ, ఏడక్షరాలు. చదువుకునే రోజుల్లో నేను ఆ 'డి'లోని ఇకారాన్ని మింగి 'అనకార్డేసీ' అనేవాణ్ణి, పలికినట్లే రికార్డులోనూ రాశాను. మామిడి మండను ఎంతో శ్రద్ధగా గీసిన ఆ పుటలో పరీక్షకుడు ఎర్రసిరాతో చుట్టింది ఆ ఒక్క మాటనే. రూబియా, యూఫోర్బియా ప్రజాతుల నుంచి వచ్చిన కుటుంబ నామాలకూ ఇదే జాగ్రత్త. మాల్వా, సొలానంలలో ఇకారమే లేదు, కాబట్టి అక్కడ దాన్ని చేర్చకూడదు.

మన శేషాచలం కొండల్లోని సైకస్ బెడ్డోమీ మొక్కను చూపించినప్పుడు, దాని కుటుంబమైన సైకడేసియీలో 'డ' ఎక్కడిదని ఎవరో ఒకరు అడుగుతారు. లాటిన్ షష్ఠీ విభక్తిలో సైకస్ 'సైకాడిస్' అవుతుంది, ప్రాతిపదికను ఆ రూపం నుంచే తీసుకుంటారు. ఆర్కిస్ నుంచి ఆర్కిడేసియీ వచ్చిందీ అలాగే.

ఎర్రచందనం ప్రజాతి పేరు 'ప్ట'తో మొదలవుతుంది గానీ 'ప్'ను వదిలి టెరోకార్పస్ అనే అంటాం. తంబజాలారి చెట్టు కుటుంబం పేరులో ఆ 'ప్ట'కు ముందు అచ్చు ఉన్నందున 'ప్' పలుకుతుంది: డిప్–టె–రో–కార్–పే–సి–యీ. రెండింటిలోనూ ఉన్నవి రెక్క, కాయ అనే గ్రీకు మాటలే. ఎర్రచందనం కాయ ఒకటి పిల్లల అరచేతిలో పెట్టు; నడుమ ఉబ్బెత్తుగా గింజ, చుట్టూ కాగితంలాంటి పల్చని రెక్క కనిపిస్తాయి. ఆ తరువాత ఆ పేరును ఎక్కడ విరవాలో వాళ్లకు చెప్పనక్కరలేదు.

ఈ తోక లేని పాత పేర్లు ఎనిమిది ఇంకా చెల్లుతున్నాయి. గడ్డి కుటుంబానికి గ్రామినియీ అలాంటిది. ఎవరైనా ప్రాచీన లాటిన్ పద్ధతిలో 'ఆకెఐ' అని ముగిస్తే తప్పుపట్టకు, కానీ నీ తరగతిలో మాత్రం ఏడాది పొడవునా ఒకే పద్ధతి పాటించు. మొదటి రోజున అక్షరాలను వేళ్ళ మీద లెక్కపెట్టించు. గడ్డి కుటుంబానికే ఉన్న మరో పేరు పో–ఏ–సి–యీతో మొదలుపెట్టు, నాలుగు వేళ్ళు చాలు.

ఇట్లు,
మామయ్య