పెళ్లి తాంబూలంలో సున్నుండలు: ఇంట్లో చేస్తే నిజంగా ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మార్చిలో, ఫాల్గుణ మాసంలో, మా పెద్దమ్మాయి పెళ్లి. పెళ్లికొడుకు వారిది పర్లాకిమిడి. రెండు వైపులా కలిపి 800 మంది వస్తారని అంచనా. వచ్చిన ప్రతి ఒక్కరికీ తాంబూలం సంచిలో రెండు సున్నుండలు, ఒక అరిసె, వంద గ్రాముల జంతికలు పెట్టి ఇవ్వాలని మా కోరిక. విజయనగరంలోని ఒక మిఠాయి దుకాణం పొట్లానికి 110 రూపాయలు అడిగింది. ఇంట్లో చేసుకుంటే 45 రూపాయల్లో అయిపోతుందని మా ఆడపడుచులు అంటున్నారు. మా వారు కాగితం మిల్లులో పనిచేస్తారు. మూడేళ్లకు వేసిన లక్ష రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు జూన్‌లో గడువు తీరుతుంది. ఆ డబ్బు ఇప్పుడే తీసేయాలా, మా మహిళా సంఘంలో అప్పు తీసుకోవాలా? అసలు ఇంట్లో చేయడం లాభమేనా?

జవాబు: అమ్మా, ముందుగా మీ ఇంట జరగబోయే శుభకార్యానికి నా శుభాకాంక్షలు. కూతురి పెళ్లికి వచ్చినవాళ్లు మీ ఇంటి చేతివంట తీసుకెళ్లాలన్న కోరిక చాలా మంచిది, దాన్ని వదులుకోమని నేను చెప్పను. అయితే మీ ఆడపడుచులు చెప్పిన 45 రూపాయలు సరకుల ధర మాత్రమే. ఆ లెక్క నమ్మి పని మొదలుపెడితే, మధ్యలో చేతిలో డబ్బు చాలక దొరికిన చోట అప్పు చేయవలసి వస్తుంది. అందుకే ముందు పూర్తి లెక్క చూద్దాం. నేను వాడే ధరలు లెక్క కోసం అనుకున్నవి. మీ ఊరి అంగడి ధరలు వాటి స్థానంలో వేసుకోండి, పద్ధతి మాత్రం మారదు.

కిలో మినపప్పు 130 రూపాయలు, 800 గ్రాముల బెల్లం 48 రూపాయలు, 400 గ్రాముల నెయ్యి, కిలో 700 చొప్పున, 280 రూపాయలు, మర ఆడించడానికి 20 రూపాయలు అనుకుంటే మొత్తం 478 రూపాయలు. నలభై గ్రాముల ఉండ కడితే, వేయించడంలో తగ్గేదీ గిన్నెలకు అంటుకునేదీ పోగా, సుమారు 50 ఉండలు వస్తాయి. అంటే ఉండ పది రూపాయలకు దగ్గరగా పడుతుంది. ఇందులో సగానికి పైగా ఖర్చు నెయ్యిదేనని గమనించండి. సున్నుండ ఖర్చంటే చాలావరకు నెయ్యి ఖర్చే. బేరం ఆడవలసిందీ, మోసపోకుండా చూసుకోవలసిందీ అక్కడే. అరిసెకు సరకు నాలుగు రూపాయలకు మించదు. వంద గ్రాముల జంతికలకు పిండి, నూనె కలిపి 16 రూపాయలు, పెట్టెకు 10 రూపాయలు వేసుకుంటే పొట్లం 50 రూపాయలకు వస్తుంది. మీవాళ్లు చెప్పిన 45కు ఇది దగ్గరే కాబట్టి వారి అంచనాలో తప్పు లేదు. అది సరకు దగ్గరే ఆగిపోయింది, అంతే.

ఇప్పుడు పని ఎంతో చూడండి. 800 పొట్లాలంటే 1,600 సున్నుండలు, 800 అరిసెలు, 80 కిలోల జంతికలు. ఎనభై కిలోల జంతికలు ఇంటి పొయ్యి మీద, ఇంట్లోని జంతికల గొట్టంతో అయ్యే పని కాదు. వంటవాళ్లు ఇద్దరు, చేతి సాయానికి ఎనిమిది మంది ఆడవాళ్లు నాలుగు రోజులు కూర్చోవాలి. సాయానికి వచ్చేవారికి రోజుకు 500 చొప్పున 16,000, వంటవాళ్లకు వెయ్యి చొప్పున 8,000, పదిమందికీ నాలుగు రోజుల భోజనాలకు 4,000, గ్యాసుకో కట్టెలకో 4,000, మూకుళ్లు, గుండిగల అద్దె 2,500, రవాణాకు 1,500, మాడిపోయేవి, విరిగిపోయేవి 2,000. మొత్తం 38,000 రూపాయలు. పొట్లానికి 47 రూపాయల చిల్లర. సరకుతో కలిపితే 97 దాటుతుంది. దుకాణం ధర 110తో పోలిస్తే 800 పొట్లాల మీద మిగిలేది పదివేల రూపాయలు మాత్రమే.

పనికి డబ్బు ఎందుకు వేశారు, మా ఇంటి ఆడవాళ్లే చేస్తారు కదా అని మీరు అడగవచ్చు. మన వైపు పెళ్లిళ్లలో ఒకరికొకరు చేతి సాయానికి వెళ్లడం ఉన్నదే, అది నిలవాలి కూడా. కానీ వచ్చినవాళ్లకు మూడు పూటలా వండిపెట్టాలి, వెళ్లేటప్పుడు జాకెట్టు గుడ్డో చీరో పెట్టాలి, రేపు వాళ్ల ఇంట పెళ్లికి మీరు అంతే రోజులు వెళ్లాలి. ఇవన్నీ ఖర్చులే, చేతికి కనబడని ఖర్చులు. పైగా పసుపు దంచే నాటికి, పందిరి రాట వేసే నాటికి పెళ్లికూతురి తల్లి పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ నాలుగు రోజులూ మీరు మీ అమ్మాయి పక్కన ఉండవలసిన రోజులు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ప్రశ్నలో ఖర్చంతా 800 అన్న అంకెలో ఉంది. విస్తళ్ల లెక్క వేరు, తాంబూలాల లెక్క వేరు. భోజనం మనిషికి పెడతాం, తాంబూలం ఇంటికి ఇస్తాం. భార్య, భర్త, ఇద్దరు పిల్లలు వచ్చిన ఇంటికి నాలుగు పొట్లాలు వెళ్తే అందులో రెండు వంటింటి అలమరలో ఉండి పాడవుతాయి. మీ పిలుపుల జాబితా తీసి, మనుషుల్ని కాకుండా గడపల్ని లెక్కపెట్టండి. 800 మందికి సాధారణంగా 250 నుంచి 300 గడపలు తేలుతాయి. మీ వారి మిల్లు నుంచి ఒంటరిగా వచ్చే సహోద్యోగులు ఎక్కువగా ఉంటే ఆ సంఖ్య కొంచెం పెరుగుతుంది. 300 అనుకుందాం. అదే దుకాణంలో అదే పొట్లం 300 కొన్నా 33,000 రూపాయలే అవుతుంది. 88,000 నుంచి 33,000కు దిగడం, అంటే 55,000 రూపాయల ఆదా, ఒక్క మూకుడు కూడా పొయ్యి మీద పెట్టకుండానే వచ్చింది.

ఆ తరువాతనే ఇంట్లో చేయాలా వద్దా అన్నది ఆలోచించాలి. చేయండి, కానీ మూడు రకాలు వద్దు, ఒక్క సున్నుండ చాలు. గడపకు ఐదు ఉండలున్న చక్కటి పెట్టె ఇవ్వండి. అరిసెను నేను వద్దనడానికి కారణం రుచి కాదు. అరిసె సరిహద్దుకు ఇటూ అటూ అందరిదీ. ఒడియా ఇళ్లలో అరిసా పిఠా అని అదే చేస్తారు, మీ ఒడియా ఇరుగుపొరుగు కూడా ఇష్టంగా తింటారు. కానీ బియ్యం నానబెట్టి, తడి ఆరీ ఆరకముందే పిండి కొట్టి, ఆ తడిపిండి ఎండిపోయేలోపు ఉండపాకం పట్టి చలిమిడి చేయాలి. పాకం ఒక్క నిమిషం ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. ఇరవై అరిసెలు చెడితే ఇంటి పండుగకు నష్టం లేదు. పదిహేను కిలోల బియ్యం చలిమిడి చెడితే సరకు, కూలి రెండూ పోతాయి, మళ్లీ చేయడానికి రోజు మిగలదు. జంతికల సంగతి ఇంతకుముందే చెప్పాను, అవి పెట్టెలో విరుగుతాయి కూడా.

సున్నుండకు ఈ తొందర లేదు. మినపప్పును సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చి రంగు తిరిగేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక మర ఆడించి, తడి తగలని డబ్బాల్లో పోసి ఉంచితే పెళ్లికి పది రోజుల ముందే ఒక పని అయిపోయినట్టే. మర దగ్గర ఒక జాగ్రత్త తీసుకోండి. అంతకుముందు కారమో పసుపో ఆడించి ఉంటే ఆ ఘాటు 30 కిలోల సున్నికీ పడుతుంది. మర యజమానితో ముందుగా మాట్లాడుకొని ఉదయం తెరవగానే వెళ్లండి, మొదట ఒక అరకిలో బియ్యం ఆడించి ఆ పిండిని పక్కన పెట్టేయండి. పెళ్లికి మూడు నాలుగు రోజుల ముందు బెల్లం తురుము కలిపి, వేడి నెయ్యి పోసి, వెచ్చగా ఉండగానే ఉండలు కట్టించండి. తడి చేతులు తగలకుండా చేసిన సున్నుండ రెండు వారాలు నిలుస్తుంది కాబట్టి, అతిథులు ఊరు చేరాక కూడా బాగుంటుంది.

300 పెట్టెలకు 1,500 ఉండలు. కిలో పప్పుకు 50 చొప్పున 30 కిలోల మినపప్పు, 24 కిలోల బెల్లం, 12 కిలోల నెయ్యి కావాలి. ఐదు ఉండలకు 50, పెట్టెకు 12, కలిపి 62 రూపాయల చొప్పున 18,600. ఆరుగురు ఆడవాళ్లకు రెండు రోజుల కూలి 6,000, వాళ్ల భోజనాలు 1,200, గ్యాసు 800, గిన్నెల అద్దె 500, తరుగు 750. మొత్తం 27,850 రూపాయలు. దుకాణం 33,000తో పోలిస్తే ఇక్కడ మరో ఐదు వేలు మిగిలాయి. రెండు చోట్లా పెట్టెలోని సరకు ఒకటి కాదు, నిజమే. కానీ ఆదా ఎక్కడి నుంచి వస్తోందో దీన్ని బట్టి మీకు తెలుస్తుంది. ఉండకొక జీడిపలుకు అద్దాలని ఉంటే, పలాస మీ వియ్యాలవారి పర్లాకిమిడికి దగ్గరే కాబట్టి మంచి సరకే దొరుకుతుంది. ఉండకు రెండు రూపాయలు వేసుకున్నా మరో మూడు వేలవుతుంది. అది మీ ఇష్టం. జీడిపప్పు పడనివాళ్లు ఉంటారు కనుక, వేస్తే మాత్రం పెట్టె మీద ఆ సంగతి, తయారుచేసిన తేదీ తెలుగులోనూ ఒడియాలోనూ రాయించండి.

సరకు కొనడంలో నా సలహా ఇది. సంక్రాంతికి ముందు రెండు వారాలు బెల్లం, మినపప్పు, నెయ్యి కొనకండి. ఊరంతా అవే కొంటూ ఉంటుంది. పండుగ దాటాక అనకాపల్లి కొత్త బెల్లం వస్తూనే ఉంటుంది, అప్పుడు తీసుకోండి. తళతళలాడే తెల్లటి బెల్లం కన్నా, మందులు కలపని కాస్త నల్లటి బెల్లం మేలు. నెయ్యి మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, పాత ధర చెప్పే దుకాణం దగ్గర ఆ మాట అడగండి. డబ్బా మీద అగ్‌మార్క్ ముద్ర, ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూసుకోండి. అంగడి ధరలో సగానికే ఇస్తామని వచ్చే నెయ్యి వైపు చూడవద్దు. దానితో చేసినవి పెళ్లికి వచ్చిన 300 ఇళ్లకూ వెళ్తాయి. పదిహేను కిలోల డబ్బా కొంటే మిగిలిన మూడు కిలోలు పెళ్లి వంటకు వాడతారో లేదో వంటవాళ్లను ముందే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న. మహిళా సంఘం అప్పు ఈ పనికి తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒడిశాలో 2001 నుంచి రాష్ట్ర ప్రభుత్వ మిషన్ శక్తి కార్యక్రమం కింద నడుస్తున్న సంఘాల అప్పు, ఆవు కొనుక్కోవడానికో కుట్టుమిషను పెట్టుకోవడానికో, అంటే తిరిగి రాబడి తెచ్చే పనికి ఉద్దేశించినది. తాంబూలం ఖర్చు తిరిగి డబ్బు తీసుకురాదు. మీరు ఒక్క వాయిదా తప్పినా సంఘంలోని తోటి ఆడవాళ్లందరి పరపతీ దెబ్బతింటుంది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అప్పు అసలే వద్దు, 28,000 మీద నెలకు 840 రూపాయలు వడ్డీకే పోతుంది.

డిపాజిట్‌ను మధ్యలో తీసేస్తే, చాలా బ్యాంకులు డబ్బు ఉన్న కాలానికి వర్తించే వడ్డీ లెక్కకట్టి, అందులోంచి అర శాతం నుంచి ఒక శాతం కోస్తాయి. మీది మూడేళ్ల డిపాజిట్, పెళ్లి నాటికి దానికి రెండేళ్ల తొమ్మిది నెలలు నిండుతాయి. ఒక శాతం కోతే పడితే లక్ష మీద ఏటా వెయ్యి చొప్పున దాదాపు 2,750 రూపాయలు పోతాయి. అదే డిపాజిట్ తాకట్టు మీద బ్యాంకు అప్పు ఇస్తుంది. సాధారణంగా డిపాజిట్‌లో 90 శాతం దాకా, డిపాజిట్ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువకు ఇస్తారు. 28,000 రూపాయలు తొమ్మిది శాతానికి మూడు నెలలు వాడుకుంటే వడ్డీ 630 రూపాయలు. జూన్‌లో గడువు తీరగానే అప్పు తీరిపోతుంది, డిపాజిట్ మొత్తానికీ పూర్తి వడ్డీ వస్తుంది. అందుకని డిపాజిట్‌ను తీయవద్దు.

అసలు అప్పే అవసరం లేకపోవచ్చు. పెళ్లికి నాలుగు నెలల వ్యవధి ఉంది. మీ వారి జీతం పడిన రోజునే 7,000 రూపాయలు విడిగా ఒక ఖాతాలో వేస్తూ పోతే నాలుగు నెలల్లో ఈ ఖర్చు మొత్తం చేతికి వస్తుంది. ఒక నెల తప్పితే ఆ లోటుకు మాత్రమే డిపాజిట్ మీద అప్పు తీసుకోండి.

ఈ వారంలోనే ఒక కిలో మినపప్పుతో ఉండలు చేసి చూడండి. ఎన్ని వచ్చాయో, ఎంత నెయ్యి పట్టిందో, ఇద్దరు కూర్చుంటే కట్టడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. పది ఉండలు పెట్టెలో పెట్టి పదిహేను రోజుల తరువాత రుచి చూడండి. ఆ అంకెలు నా అంకెల కన్నా నమ్మదగినవి. ఉండలు 50కి బదులు 45 వస్తే 1,500 ఉండలకు పప్పు మరో మూడున్నర కిలోలు, నెయ్యి దాదాపు కిలోన్నర ఎక్కువ కావాలి, అందుకు 1,600 రూపాయల దాకా అదనంగా పక్కన పెట్టుకోండి.